మొదటి చీటీ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, కుర్రకారుకి హెచ్.ఐ.వి. పరీక్షల శిబిరాలు నడపడం నా ఉద్యోగం. ఆవేళ రోలుగుంటలో కరపత్రాలన్నీ చెల్లిపోయాయి గానీ, పరీక్షకి ఒక్కడూ రాలేదు.

తిరుగు ప్రయాణంలో, అనకాపల్లి బస్సులో నా పక్కన ఓ బెల్లం వర్తకుడు కూర్చున్నాడు. నా ఒళ్లో అట్టపెట్టె ఏమిటని అడిగాడు. హెచ్.ఐ.వి. పరీక్షల సామానని చెప్పగానే కాస్త దూరం జరిగాడు. తరవాత కుతూహలం ఆపుకోలేక మళ్లీ దగ్గరికి జరిగాడు.

దొరికిన ఒక్క శ్రోతనీ నేను వదల్లేదు. చిన్న సూదిపోటేననీ, పేరు బయటికి పొక్కదనీ, భయపడాల్సిన పనే లేదనీ ఊరంతటికీ చెప్పాల్సిన ఉపన్యాసం ఆయనొక్కడికే దంచేశాను.

ఆయన ఓపిగ్గా అంతా విని, "మరి తవరు సేయించుకున్నారేటి బాబూ?" అన్నాడు.

నేను కిటికీలోంచి చెరుకుతోటలు చూడసాగాను.

ఆయన సంచీలోంచి బెల్లం ముక్క తీసి, విరిచి, సగం తన నోట్లో వేసుకుని, మిగతా సగం నా చేతిలో పెట్టాడు.

"మా యాపారంలో ఇంతే బాబూ. అమ్మేవోడు ముందు నోట్లో ఏసుకోపోతే, కొనేవోడు ముట్టుకోడు."

మరుసటి వారం గొలుగొండ శిబిరంలో పరీక్షకి మొదటి చీటీ నేనే తీసుకున్నాను. సూది చూసి కళ్లు గట్టిగా మూసుకుంటే కుర్రాళ్లు విరగబడి నవ్వారు. నవ్వడం అయ్యాక, ఒకరినొకరు తోసుకుంటూ నా వెనకే వరస కట్టారు.

'భయం వద్దు' అని నేనే అచ్చు వేయించిన కరపత్రంతో విసురుకుంటూ, ఫలితం వచ్చేదాకా చెమటలు తుడుచుకుంటూనే కూర్చున్నాను.