పక్కింటి అరిటాకులు

ఇది జరిగిన ఏడే రాసి ఉంటే కడుపుమంట ఇంకా వేడిగా ఉండేది. కానీ అప్పటికి నాకు చదవడమే వచ్చేది, అదీ కూడబలుక్కుని. చిన్నతనంలో మా అమ్మ నన్ను బడికి పంపలేదు, మోదుగాకు కోయడానికి గుట్ట మీదికి తోలింది. ఆకు ఆరబెట్టి, పుల్లలతో విస్తర్లు కుట్టడంలోనే నా జుట్టు నెరిసింది. మహిళా సంఘం వాళ్ళు పెట్టిన సాయంత్రం బడిలో చేరేనాటికి అమ్మమ్మనయ్యాను.

ఇబ్రహీంపట్నంలో మా వాడలో పెళ్ళయినా, దినాలయినా ముందు నా గడప తొక్కేవాళ్ళు. విస్తర్ల సంగతి తేలాకే వంటవాణ్ణి పిలిచేవాళ్ళు. నాకున్న మర్యాదల్లా అదే.

ఔటర్ రింగు రోడ్డు మాట మొదలై చెలకలు ప్లాట్లవుతున్న రోజుల్లో, కోస్తా నుంచి వచ్చిన ఒకామె మా పక్కన ఇల్లు కట్టుకుంది. పెరట్లో అరటి పెట్టింది. ఈ నేలలో అరటేమిటని నవ్వుకున్నాను. ఆమె బోరు నీళ్ళు పారించింది. ఏడాది తిరిగేసరికి ఆకులు ప్రహరీ దాటి మా వాకిట్లోకి తొంగిచూశాయి. మనిషంత పొడవు. కుట్టే పనే లేదు, కోసి పరిస్తే చాలు. చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఆ వైశాఖంలో మా ఆడబిడ్డ కొత్తింట్లోకి చేరుతూ నాకు చెప్పడానికి వచ్చింది.

"ఇస్తర్లు ఎన్ని గావాలె?" అన్నాను.

"వద్దు వదినా. పక్కామె అరటాకులు ఇస్తనన్నది. నువ్వు జర రెస్ట్ తీస్కో."

"అలిసిపోయిన్నని నీకు నేను జెప్పిన్నా?"

"గట్ల మూతి ముడువకు. అరటాకుల తింటె ఫంక్షన్ హాల్ల తిన్నట్టుంటది."

ఆ సాయంత్రం టీచరమ్మ ఆసియా ఖండం పాఠం చదివించింది. ఒకే ఖండమట. ఒకచోట ఏడాది పొడుగునా వాన, ఎన్నడూ పచ్చదనం పోని అడవులు. ఒకచోట వాన ఎరుగని ఎడారి, ముళ్ళపొదలు. ఉత్తరాన మంచు, సూదుల్లాంటి ఆకులు. మాలాగా కొన్ని నెలలే వాన పడే చోట, ఎండలు ముదరకముందే చెట్లు ఆకు రాల్చి నీళ్ళు కాపాడుకుంటాయట. నా మోదుగ చేసేది అదే. దాని గురించి ఇంకో నాలుగు మాటలుంటాయేమోనని వెతికాను, లేవు. రోజూ మధ్యాహ్నం వాన పడే దీవుల గురించి మాత్రం పేజీ నిండా ఉంది. ఆ దీవుల మీదా నాకు కన్నుకుట్టింది.

"ఏందక్కా, బుక్కు మీద కోపమొచ్చిందా?" అంది పక్కన కూర్చున్నామె.

"అవ్. దేవునికి నీళ్ళు పంచుడు రాలే."

అయినా విస్తర్లు కుట్టాను. పగలకుండా నీళ్ళు చిలకరించి, బండ కింద అణిచి, ఆ కట్టను నెత్తిన పెట్టుకుని విందుకు పోయాను. ఆడబిడ్డ వద్దనలేదు, ఓ మూలన పెట్టించింది. పంక్తిలో అందరికీ అరిటాకులే వేశారు. చేతులు కడుక్కుందామని వంటల వైపు పోతే నా విస్తర్లు కనిపించాయి, అన్నం గుండిగల మీద మూతలుగా.

నాకూ అరిటాకే వేశారు. దాని మీద వేడన్నం రుచిగా ఉంది. అందుకే ఇంకా మండింది. పక్కింటామె పప్పు వడ్డిస్తూ నా దగ్గర ఆగింది.

"పిన్నిగారూ, ఏమీ తినలేదండీ. ఇంకాస్త వేయనా?"

"నీ ఆకే పెద్దగున్నది బిడ్డా. ఎంత ఏసినా జరంతనే కనవడ్తది."

పంక్తంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంటికొచ్చి పడుకున్నా అదే ఆలోచన. మా వాడ ఇక అరిటాకు వదలదు. ఆకు కావాల్సినవాళ్ళు ఆమె గేటు తడతారు, నా గడప తొక్కరు. ఆమె మాత్రం వానను వెంట తెచ్చుకుందా? నీళ్ళు పెట్టింది, అంతే.

తెల్లవారి పోయి ఆమె గేటు తట్టాను. "ఒక పిలక ఇయ్యి బిడ్డా" అని అడిగాను. ఆ మాట నోట్లోంచి రావడానికి నాకు చాలా కష్టమైంది.

"ఒకటేంటండీ, కావలసినన్ని తీసుకోండి" అంది. ఆ మంచితనం కూడా నాకు నచ్చలేదు. ఇచ్చినన్నీ తెచ్చి, మా ఇంట్లో అంట్లు తోమిన నీళ్ళు పారే చోట గుంటలు తవ్వి పాతాను. ప్రహరీకి దూరంగా, ఆమె చెట్ల నీడ నావాటి మీద పడకుండా.