సూరయ్య మేస్త్రి ముక్కు

1978 వేసవిలో నన్ను మెదడు గాయాల పరిశోధనలో వేశారు. హోదా రీసెర్చ్ ఆఫీసర్. నా కింద ఉన్నది మాత్రం ఒక తోలు సంచీ. తలకు పెద్ద దెబ్బ తగిలి, రోజుల తరబడి స్పృహ లేకుండా పడివుండి, ప్రాణాలతో ఇంటికెళ్లినవాళ్లు ఆ తరవాత ఎలా ఉన్నారో చూసి రావడం నా పని. బందరు, గుడివాడ, దివిసీమ నా వంతుకు వచ్చాయి. మెదడును బొమ్మ తీసి చూపే స్కాన్ అప్పటికి మా దగ్గర లేదు. ఎక్కడ దెబ్బతిన్నదో ప్రశ్నలతో, చిన్న సుత్తితో, వాసన సీసాలతో ఊహించాల్సిందే. నుదురు వెనక మెదడు అడుగుభాగం నలిగితే తరచు వాసన తెలియదు. చేసిన పని మరిచిపోయి మళ్లీ చేస్తారు.

గుడివాడ సూరయ్య పెళ్లిళ్ల వంట మేస్త్రి. బంటుమిల్లి దారిలో గుండిగలతో సహా ట్రాక్టర్ ట్రక్కులోంచి పడ్డాడు. గుండిగల సొట్టలు ఎవరో తీశారు. సూరయ్య మా పాలబడ్డాడు.

నేను సూరయ్య ఇంటికి వెళ్లేసరికి పెదపారుపూడి రైతు కోటేశ్వరరావు గారు అక్కడ కూర్చుని ఉన్నారు. వారంలో వాళ్లమ్మాయి పెళ్లి. వంట సూరయ్యకు అప్పగించాలో వద్దో నన్నే తేల్చమన్నారు. ఈ పెళ్లి తప్పిపోతే ఇక తనను ఎవరూ పిలవరని సూరయ్యకు తెలుసు. గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

కళ్లు మూయించి, ఒక సీసా ముక్కు దగ్గర పెట్టాను. వెనక నుంచి ఆయన భార్య రమణమ్మ, "మా ఇంటికి కాఫీపొడి మీరు తెచ్చుకోవడమేంటండీ డాక్టరు గారూ, మేం ఇవ్వమా?" అంది.

"కాఫీపొడండీ," అన్నాడు సూరయ్య.

రెండో సీసా తీశాను. "ఆ లవంగాలు పుచ్చిపోయాయండీ, మంచివి ఇస్తానుండండి," అంది. సూరయ్య లవంగాలన్నాడు.

ఆమెను కాఫీ పెట్టమని లోపలికి పంపాను. మూడో సీసా మూత తీయగానే కోటేశ్వరరావు గారు, "ఇంగువ కూడా చూస్తారేంటండీ?" అన్నారు. పరీక్ష పెట్టమన్నది ఈయనే! కళ్లెదుట ఒక మనిషి తెల్లమొహం వేస్తుంటే అందించకుండా ఉండటం మా ప్రాంతం వాళ్ల వల్ల కాదు.

ఆయన్నీ బయటికి పంపి తలుపు వేశాను. కర్పూరం సీసా పెడితే సూరయ్య చాలాసేపు పీల్చి, "సబ్బాండీ?" అన్నాడు. తరవాత కళ్లు తెరిచి, తనకు ఏ వాసనా తెలియదనీ, ఉప్పు వేశాడో లేదో గుర్తుండదనీ చెప్పాడు. "వంట మాత్రం చేతికొచ్చండీ. ఇంట్లో వాసన మా ఆవిడ చూస్తుంది." నాకు చాలా జాలేసింది.

కోటేశ్వరరావు గారికి ఉన్నమాట చెప్పాను. ఒక్కణ్ణి పిలిస్తే వంట చెడుతుంది, ఇద్దర్నీ పిలిస్తే కుదురుతుంది అన్నాను. మగవాళ్ల వంటపందిట్లో తనేం కూర్చుంటానని రమణమ్మ మొహమాటపడింది. కోటేశ్వరరావు గారు ఆమెతో, "మా అమ్మాయికి పిన్నిగా రామ్మా," అన్నారు. నన్నూ పిలిచారు.

పెళ్లిలో రమణమ్మ పట్టుచీర కట్టుకుని, పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూరయ్య ఉప్పు కోసం మళ్లీ చెయ్యి చాపినప్పుడల్లా "వేశారు" అనేది. "అడుగంటుతోంది" అంటే ఆయన పరిగెత్తేవాడు. ఎంతసేపటికీ పొయ్యి దగ్గర నుంచి కదలని ఆ పిన్నిగారిని చూసి, మగపెళ్లివారు ఆవిడ అలిగిందనుకున్నారు. పెళ్లికొడుకు మేనమామ చేతులు కట్టుకుని, "మా వల్ల పొరపాటు జరిగితే మన్నించి భోజనానికి లేవండమ్మా," అని బతిమాలాడు.

"నేను లేస్తే పప్పుచారు పోతుందండీ," అంది రమణమ్మ.

పప్పుచారు బ్రహ్మాండంగా కుదిరింది. భోజనాలయ్యాక ఇద్దరు పెద్దమనుషులు తమ ఇళ్లలో పెళ్లిళ్లకు సూరయ్యను అడిగారు. ఆ పిన్నిగారు కూడా వస్తారు కదా అని మరీ అడిగారు.

వాసన లేదు, జ్ఞాపకం లోపం, వృత్తి యథాప్రకారం అని రిపోర్టు రాశాను. ఈ మూడూ ఒకే మనిషికి ఎలా కుదిరాయని మా ప్రొఫెసరు గారు నిలదీశారు. భార్య ఉందండీ అన్నాను. భార్యకు రిపోర్టు ఫారంలో గడి లేదన్నారాయన, చిరాగ్గా.

ఆ తరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రతి రోగినీ రెండుసార్లు పరీక్షించాను. మెదడులో ఏం పోయిందో తెలుసుకోవడానికి తలుపు వేసి ఒకసారి, ఆ మనిషి ఎలా బతుకుతాడో తెలుసుకోవడానికి తలుపు తీసి ఇంకోసారి.