లోపలికి మడిచిన అంచు

బడిలో యూనిఫారం పెట్టాలనుకుని పెద్ద టీచరమ్మ తల్లిదండ్రులను పిలిపించిన రోజు మా నాయన మగ్గం వదిలి వచ్చాడు. అది మామూలు విషయం కాదు. పెళ్ళికి పిలిచినా, చేతిలో ఉన్న చీర పూర్తయ్యాక చూద్దాంలే అనే మనిషి. అరవైల మొదట్లో సంగతి. ధర్మవరంలో మా వీధి వీధంతా పట్టుచీరలు నేసేవాళ్ళే. నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా వీధిలో అంతదాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసినందుకు తగినంత పొగరు కూడా ఉండేది.

నా ఈడు పిల్లలంతా ఐదో తరగతికే ఆగిపోయి ఇళ్ళలో కండెలు చుట్టేవాళ్ళు. నేసేవాడి చేతికి అందేలా దారం చుట్టిపెట్టే పని అది. రాట్నం ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవడానికి ఉండదు. మా ఇంట్లో ఆ రాట్నం అమ్మ తిప్పేది. నేను బడి మానిన మర్నాడే అది నా ముందుకు జరుగుతుందని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

వరండాలో పెద్దవాళ్ళంతా పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మమ్మల్ని బయటికి పంపేశారు గానీ ఆ వరండాకు ఉన్నది పిట్టగోడ ఒక్కటే. దాని కింద నక్కి అన్నీ విన్నాం. నీలం పావడ, తెల్ల జాకెట్టు అని పెద్ద టీచరమ్మ చెప్పారు. ఉన్నవాళ్ళ పిల్ల, లేనివాళ్ళ పిల్ల అనే తేడా బడిలో కనపడకూడదన్నారు. వచ్చే నెల నుంచి యూనిఫారం లేని పిల్లకు తరగతిలో చోటు లేదని కూడా అన్నారు.

ముందుగా లేచింది పక్క పల్లె నుంచి వచ్చిన ఒక రైతు.

"తెల్ల జాకెట్టంటాండారు, ఉతికేదానికి నీళ్ళు యాడుండాయమ్మా? తాగే నీళ్ళకే మా ఊర్లో పొద్దన్నుంచి బాయికాడ కాచుకోని ఉంటాము. ఈ ఎర్రమన్నులో రెండు మైళ్ళు నడిచొచ్చేసరికి తెల్లదేదో ఎర్రదేదో మీకే తెలీదు."

అందులో అబద్ధం లేదు. మా ఊళ్ళోనూ ఎండాకాలం వచ్చిందంటే ఒకే బకెట్టు నీళ్ళలో ఇంటిల్లిపాది గుడ్డలు జాడించేవాళ్ళం. తర్వాత ఒక వ్యాపారి భార్య లేచింది. "మా పాపకు ఆరు పట్టు పావడలు కుట్టించినాము. ఇప్పుడు వాటిని పెట్టెలో పెట్టి పురుగులకు తొడగాల్నా?" అంది. ఆమె కూతురు పిట్టగోడ కింద నా పక్కనే ఉంది. అది తల వంచుకుంటే నాకు లోలోపల సంతోషం వేసింది.

మా వీధి మొదట్లో కుట్టు మిషను పెట్టుకున్న టైలరు కూడా వచ్చాడు. ఆయన ముస్లిం. మా నాయనకు చిన్నప్పటి స్నేహితుడు, నాకు మామ. "పిల్లలంతా ఒక్క తీరుగా కనపడితే బాగనే ఉంటాది కదప్పా" అన్నాడు. "నీకు బాగుండకేమన్నా, బడి బడంతా నీ మిషను కిందికే వస్తాది!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

అప్పుడు లేచాడు మా నాయన. మచ్చుకు తెచ్చిన నీలం గుడ్డ ఒకసారి చూపించమని అడిగాడు. బొటనవేలితో నలిపాడు. కొస తడి చేసి రుద్దాడు. ఎండకు ఎత్తి పట్టి చూశాడు. చీర మంచి చెడ్డలు చూసేటప్పుడు చేసే పనులన్నీ చేశాడు.

"మిల్లు గుడ్డ. గంజి పోతే దీంట్లో ఏమీ ఉండదు. సరే, అంచు యాడమ్మా దీనికి?"

"యూనిఫారానికి అంచు ఎందుకయ్యా?" అన్నారు పెద్ద టీచరమ్మ.

"అంచు లేని గుడ్డ పీనుగ మింద కప్పేదమ్మా, ఆడబిడ్డ కట్టేది కాదు. నేను మగ్గంలో కూర్చున్నన్ని దినాలు నా బిడ్డ మిల్లు గుడ్డ కట్టుకోని బడికి రాదు. మీరు రానీకపోతే ఇంట్లో కండెలు చుట్టుకోని ఉంటాది."

ఆ మాట అని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయేది నా చదువు, నిలబడాల్సింది ఆయన అంచు!

అమ్మ ఆ మీటింగుకు రాలేదు. రాట్నం వదిలి రావడానికి ఆమెకు తీరిక ఎక్కడిది? అయినా ఆమెకూ ఒక అభిప్రాయం ఉంది. ఆ సాయంత్రం కండెలు చుడుతూనే నాయనతో చెప్పింది. "అందరూ ఒకే గుడ్డ కట్టుకుంటే మన పిల్లకు ఎన్ని పావడలుండాయో ఎవురికీ తెలీదు. ఆ టీచరమ్మ మనట్లా వాళ్ళ కోసమే చెప్పింది, నీకే అర్థం కాల్యా." నాకున్నవి రెండు పావడలు. రెండూ అమ్మ పాత చీరల్లోవి. పట్టు నేసే ఇంట్లో పట్టు ఒంటి మీదికి రాదని వేరే చెప్పాలా! నాయన అన్నం తిని పడుకున్నాడు.

నెల తిరక్కముందే ఒక పని చేశాడు. మగ్గం మీద ఉన్న చీర దిగాక, కొత్త పట్టు పడుగు ఎక్కించకుండా, ఎక్కడి నుంచో నీలం నూలు తెచ్చి ఎక్కించాడు. పట్టు మగ్గానికి నూలు పడుగు కట్టినాడని వీధంతా వచ్చి చూసి పోయింది. చీర ఆలస్యమవుతుందని, పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు మనిషి వచ్చి అరిచాడు. నాయన తల ఎత్తలేదు.

నేను పెద్ద టీచరమ్మను అడిగి వచ్చాను. నేత గుడ్డయినా పర్వాలేదు, రంగు కలిస్తే చాలు, అంచు మాత్రం ఉండకూడదన్నారు. ఆ మాట ఇంట్లో గట్టిగానే చెప్పాను. నాయన విన్నాడు. విని కూడా ఒక పక్క వేలెడు వెడల్పు ఎర్రంచు వేశాడు. చీరలు నేయగా మిగిలిన పట్టు పోగులు ముక్కలు ముక్కలుగా ముడేసి మరీ వేశాడు. అంచు లేకుండా నేయడం ఆయన చేతికి రాదు. వచ్చినా ఒప్పుకోడు. రెండు పావడలకు సరిపడా గుడ్డ దిగింది. దాన్ని చూసి ఊరంతా మెచ్చుకుంది గానీ నాకు ఏడుపు వచ్చింది.

గుడ్డ తీసుకుని నేనే టైలరు మామ దగ్గరికి పోయాను. దారిలోనే నిశ్చయించుకున్నాను.

"మామా, అంచు కనపడకుండా లోపలికి మడిచి కుట్టు. మా నాయనకు మాత్రం చెప్పొద్దు."

ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. "సరే పాపా, చెప్పను" అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. పెరిగే పిల్లనని, ఏడాదికొకటి విప్పుకునేలా పైన ఇంకో రెండు మడతలు వేసి కుట్టాడు.

కొత్త పావడ కట్టుకుని నాయన ముందు నిలబడ్డాను. ఆయన కింది దాకా చూశాడు. "బాగుండాది, పో" అని మగ్గం గుంతలోకి దిగాడు. గమనించలేదని ఊపిరి పీల్చుకున్నాను. బడిలోనూ ఎవరూ ఏమీ అనలేదు. వీధిలో ఎవరడిగినా నాయన మాత్రం "నా బిడ్డ పావడకు అంచుండాది, పోయి చూడుపో" అనేవాడు. పాపం, మోసపోయాడని జాలిపడేదాన్ని. కొన్నిసార్లు నవ్వుకునేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

తొమ్మిదిలో ఒక మడత విప్పాం, పదిలో ఇంకొకటి. అప్పట్లో బడిలో ఆఖరిదైన పదకొండో తరగతికి వచ్చేసరికి విప్పడానికి అంచు ఉన్న మడత ఒక్కటే మిగిలింది. అప్పటికి పెద్ద టీచరమ్మ మారిపోయారు. కొత్తగా వచ్చినావిడకు అంచుల పట్టింపు లేదు. నాకున్న భయమల్లా నాయనే.

టైలరు మామ కుట్టు విప్పాడు. పావడంతా వెలిసి బూడిదరంగుకు వచ్చింది గానీ, అంచు మాత్రం నిన్న నేసినట్టు ఎర్రగా ఉంది. వేలితో రాస్తే పట్టు పోగుల ముడులు చేతికి తగిలాయి. ఎన్ని ముడులో!

"ఇన్నేండ్లు దాచిపెట్టినామని మా నాయన ఏమంటాడో మామా" అన్నాను.

ఆయన మిషను ఆపేశాడు.

"మీ నాయనకు తెలీదనుకున్నావా? నువ్వు గుడ్డ తెచ్చిన దినం నీకంటే ముందే వచ్చిపోయినాడు. 'అంచు లోపలికి మడిచి కుట్టన్నా, లేకపోతే బడిలో పాపను బయట నిలబెడతారు. నేను చెప్పినానని పాపకు చెప్పొద్దు' అని ఒట్టేయించుకోని పోయినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వూ చెప్పొద్దంటివి కదా. ఇద్దురి మాటా నిలబెట్టినా."

ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తు లేదు. పోగు తెగితే చప్పుడును బట్టే కనిపెట్టే మనిషికి వేలెడు అంచు కనపడకుండా పోతే తెలియదా? మూడేళ్ళు ఆ మాత్రం ఆలోచన రాలేదు నాకు. అందరి ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక, నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టలేక, ఆయన ఒక్కడే పోయి అంచు మడవమని చెప్పి వచ్చాడు.

మగ్గం పక్కన నిలబడ్డాను. నాయన పేక పోగుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపి, చెయ్యి చాపి, అంచును బొటనవేలితో రుద్దాడు.

"రంగు పోలేదు" అన్నాడు.

"నాయనా, టైలరు మామ అంతా చెప్పినాడు."

"వాని నోరు ఆగదు" అని నాయన మళ్ళీ నాడె అందుకున్నాడు.

ఆ ఏడు పరీక్షలన్నిటికీ ఆ పావడతోనే పోయాను. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా మడిచేదాన్ని కాదు.