రావచ్చు, వెళ్లవచ్చు

1979 మే నెలలో నేరుగా దివిసీమ మీదికి వస్తున్న తుఫానును మా పీర్ సాహెబ్ ఒక్క కేక వేసి ఒంగోలు వైపు తిప్పేశాడు.

ఈ మాట మా మనవలు నమ్మరు. మీరూ నమ్మనక్కర్లేదు. తుఫాను తన దారిన తనే తిరిగింది. పీర్ సాహెబ్ ఎవరో దానికి తెలియదు. కేక మాత్రం వేశాడు. ఆ కేకకు కదిలింది సముద్రం కాదు, జనం. జనాన్ని కదిలించడమే ఎక్కువ కష్టమని సర్కారు కొలువు చేసిన ఎవరినడిగినా చెబుతారు. అందుకని నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను, సగం అక్కడే ఉంచుతున్నాను.

పీర్ సాహెబ్‌ది కోడూరుకు దిగువన, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉన్న పల్లె. చిల్లుపడ్డ బిందెలకు, బకెట్లకు మాట్లు వేయడం అతని పని. గొంతు మాత్రం ఆ పనికి చాలా మించినది. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీ తిండికి లేవండని అతను పిలిస్తే ముసల్మానులతో పాటు రైతుల కొట్టాల్లో గేదెలు కూడా లేచి మేతకు ఎదురుచూసేవి. గాలి అనుకూలిస్తే బందరు రేవులో పడవవాళ్లు కూడా లేచేవారని చెబుతుంటాను. అది కొంచెం ఎక్కువే. ఆ గొంతు చూసే గ్రామ మునసబు శోభనాద్రి పంచాయతీ టముకు అతనికి అప్పగించాడు.

తాలూకాఫీసు నుంచి కాగితం వచ్చేది. శోభనాద్రి అరుగు మీద కూర్చుని చదివేవాడు. చదువు రాని పీర్ సాహెబ్ విని, మనసులో పెట్టుకుని, సందు మొదట టముకు వాయించి చాటేవాడు. ఒకటే షరతు: అక్షరం మార్చకూడదు. పీర్ సాహెబ్ మధ్యలో దగ్గేవాడు కూడా కాదు. సర్కారు మాటను తన నోటితో చెప్పడం అతనికి మాట్లు వేయడం కంటే గొప్ప పని.

చిక్కంతా సర్కారు తెలుగులో ఉంది. ఉత్తర్వు పైన ఇంగ్లీషులో పుట్టి, కిందికి దిగుతూ తెలుగయ్యేది. అక్కడి ‘మే’ ఇక్కడికొచ్చేసరికి ‘వచ్చు’ అయ్యేది. ‘మే’కీ ‘మస్ట్’కీ తేడా తెలియలేదని బందరు కాన్వెంటులో మా మదర్ నా వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టింది. ఆ ఉత్తర్వులు తెనిగించిన మహానుభావుల వేళ్లు భద్రంగానే ఉండి ఉంటాయి.

ఎమర్జెన్సీలో ఒకసారి, శిబిరంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవచ్చునని పీర్ సాహెబ్ చాటాడు. చేయించుకోవచ్చు అన్నారు గదా, మానుకోనూవచ్చు అనుకుని మగవాళ్లంతా పొలాలకు పోయారు. రెండు రోజులాగి జీపు వచ్చింది. పై అధికారులకు లెక్క పూర్తికావాలి. ఎల్లయ్య అనే రైతును గడ్డివాములోంచి కాళ్లు పట్టి లాగారు. సర్కారువారి ‘వచ్చు’కు అర్థం జీపు అని ఊరికి ఆ రోజు తెలిసింది.

మరుసటి ఏడు, 1977 నవంబరులో, ఇంకో కాగితం వచ్చింది. తుఫాను రావచ్చును, లోతట్టు ప్రాంతాల ప్రజలు సురక్షిత ప్రాంతాలకు వెళ్లవచ్చును. పీర్ సాహెబ్ ఉన్నదున్నట్టు చాటాడు. జనం నవ్వారు. రావచ్చని పెద్దవాళ్లు పర్మిషన్ ఇచ్చాక తుఫాను రాక ఏం చేస్తుందన్నారు. ఎమర్జెన్సీ పోయింది, ఇక జీపు రాదన్నారు. ఎవరి పనికి వాళ్లు పోయారు.

మధ్యాహ్నం పీర్ సాహెబ్ గుక్కెడు టీ కోసం ఇంటికి వెళ్లాడు. అతని భార్య ఖాతూన్ ఇంటి చూరుకు తాళ్లు బిగిస్తోంది.

“వెళ్లవచ్చంటే ఏంటి? వెళ్లాలా, వద్దా?” అని అడిగింది.

“వెళ్లాలంటే వెళ్లాలనే రాస్తారు గదే. వెళ్లవచ్చంటే నీ ఇష్టం.”

“మరి నువ్వేమంటావు?”

“నేననేదేముంది? కాగితంలో ఉన్నదే నేననేది.”

ఖాతూన్ కోళ్లను గంప కింద మూసి ఇంట్లోనే ఉండిపోయింది. అతను పక్క పాలెంలో చాటడానికి వెళ్లాడు. చీకటిపడ్డాక సముద్రం ఊళ్లోకి వచ్చింది. అది తుఫాను కాదు, ఉప్పెన. ఆ మాట కాగితంలో లేదు. పీర్ సాహెబ్ ఎవరిదో డాబా మీద, టముకును కావలించుకుని బతికాడు. ఖాతూన్ దొరకలేదు. శవాలను వరసగా పడుకోబెట్టిన చోటల్లా చీర కొంగులు తిప్పి చూసుకుంటూ పోయాడు. తరువాత మానేశాడు.

ఆ తరువాత దివిసీమకు రాని అధికారి లేడు. జీపుల దుమ్ము సాయంత్రానికి గానీ దిగేది కాదు. ఇళ్లు కడతామన్నారు, కొన్ని కట్టారు. ముందస్తు హెచ్చరికల పద్ధతిని సమూలంగా మార్చామని సభల్లో చెప్పారు. పీర్ సాహెబ్ మళ్లీ మాట్లు వేసుకుంటూ, టముకు వాయించుకుంటూ బతికాడు. ఇంటికి వెళ్తే మాట్లాడే మనిషి లేదు గనుక అతను నోరు విప్పేది టముకు దగ్గరే.

1979 మేలో, సమూలంగా మారిన ఆ పద్ధతిలో కాగితం వచ్చింది. శోభనాద్రి అరుగు మీద చదివాడు. తుఫాను రావచ్చును. ప్రజలు వెళ్లవచ్చును.

పీర్ సాహెబ్ ఇంకోసారి చదవమన్నాడు. చదివాడు.

“మునసబుగారూ, వెళ్లాలి అని చెబుతానండీ.”

“పైనుంచి వచ్చింది పీర్ సాహెబూ. అక్షరం మారిస్తే నా ఉద్యోగం పోద్ది, నీ టముకు పోద్ది. ఆపైన నీ ఇష్టం అనను. మార్చొద్దు.”

పీర్ సాహెబ్ తలూపి వెళ్లాడు. మొదటి సందులో టముకు వాయించాడు. చాలాసేపు వాయించాడని, ఎంతకీ నోరు విప్పడేమని ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారని చెబుతారు. అప్పుడు కేక వేశాడు. ఉప్పెన వస్తోంది, అందరూ వెళ్లాలి అన్నాడు. మాణిక్యమ్మ అనే రైతు ఇల్లాలు మేకలను విప్పుతూ, ఎక్కడికి వెళ్లాలయ్యా, కాగితంలో ఉందా అని అడిగింది. మగవాళ్లు పొగాకు నలుపుకుంటూ నిలబడ్డారు, కదల్లేదు. పీర్ సాహెబ్ వాళ్లవంక చూశాడు.

“ఉండండి మరి. ఆపరేషన్ల జీపు కోడూరు దాటింది. వంతెన దగ్గరుంది.”

ఉప్పెనకు కదలని ఊరు జీపు పేరు వినగానే లేచింది. ఎల్లయ్య అందరికంటే ముందున్నాడు. పంచె జారిపోయినా ఆగలేదంటే అది నేను కలిపింది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు, ముసలివాళ్లను బండ్లెక్కించి కుర్రవాళ్లు వంతెన దారి వదిలి డొంక వెంట అవనిగడ్డ వైపు పోయారు. పొద్దు గూకేసరికి ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు.

తుఫాను ఒంగోలు వైపు పోయింది. మాకు వాన పడింది, అంతే.

జనం తిరిగొచ్చేసరికి మాణిక్యమ్మ మేకలు పోయాయి. కొందరి ఇళ్లలో గిన్నెలు లేవు. బతికామన్న మాట ఎవరి నోటా రాలేదు, ఎందుకంటే చావు రాలేదు. నా మేకల ఖరీదు నువ్వే కట్టమని మాణిక్యమ్మ పీర్ సాహెబ్‌ను వీధిలో నిలేసింది. అబద్ధాలు చాటి ఊరిని పరుగెత్తించాడని అర్జీ పెట్టారు. ముందు వేలిముద్ర ఎల్లయ్యది.

విచారణకు కాంతారావు అనే డిప్యూటీ తహశీల్దారు వచ్చాడు. మంచివాడే. పంచాయతీ ఆఫీసులో కూర్చుని, లేని జీపును వంతెన దగ్గర ఎందుకు నిలబెట్టావని అడిగాడు. ప్రభుత్వం మారింది, ఆ జీపుల మాటెత్తితేనే పైవాళ్లు మండిపడుతున్నారన్నాడు. పీర్ సాహెబ్ టముకును ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. దాని తాడు వేళ్లకు చుట్టుకున్నాడు.

కాంతారావుకు జాలేసింది. “చూడు, తప్పుగా వినపడిందని ఒక్క మాట చెప్పు. రాసేసుకుంటాను. టముకు నీదగ్గరే ఉంటది.”

శోభనాద్రి వెనకనుంచి చెప్పెయ్యమని సైగ చేశాడు.

“బాగానే వినపడింది సార్,” అన్నాడు పీర్ సాహెబ్. “రెండు తుఫాన్లకీ వినపడింది. మొదటిసారి వినపడ్డట్టే చెప్పాను.”

బంట్రోతు వచ్చి టముకు తీసుకున్నాడు. పీర్ సాహెబ్‌కు దాని తాడు వదలడానికి కాసేపు పట్టింది.

కాంతారావు రిపోర్టు పైకి పోయింది. వదంతులు వ్యాపింపజేసిన టముకు మనిషిని తొలగించడమైనది అని అందులో ఒక పేరా. సకాలంలో తీసుకున్న ముందుజాగ్రత్తల వల్ల ప్రజలు స్వచ్ఛందంగా తరలివెళ్లారు, ఒక్క ప్రాణమూ పోలేదు అని దానికింది పేరా. రెండు పేరాలకూ కింద ఒకటే సంతకం. పంద్రాగస్టుకు శోభనాద్రికి బందరులో ప్రశంసాపత్రం ఇచ్చారు. తిరిగొచ్చి, దాన్ని అద్దం కట్టించకుండా పెట్టెలో అడుగున పడేశాడు. టముకు చోట బ్యాటరీ మైకు వచ్చింది. దాన్ని పట్టుకున్న కుర్రవాడు కాగితం చూసి చదువుతాడు, ‘వచ్చు’ను మార్చడు.

పీర్ సాహెబ్ ఊరొదిలి బందరు వచ్చి, కోనేరు సెంటరు దగ్గర ఒక చూరు కింద బకెట్లకు మాట్లు వేసుకుంటున్నాడు. ఇప్పుడు గొంతెత్తడు. రంజాన్‌లోనూ ఎవరినీ లేపడు. ఇది అచ్చుకిచ్చే ముందు అతనికి వినిపించడం మర్యాద అని వెళ్లి, ఎదురుగా స్టూలు వేసుకుని మొత్తం చదివాను. ఖాతూన్ పేరు దగ్గర ఒక్కసారి తప్ప సుత్తి ఆపకుండా విన్నాడు. బాగుందా అని అడిగాను.

“అంతా అబద్ధమండీ,” అన్నాడు. “నేనెప్పుడూ టముకు పట్టలేదు. కోడూరు వైపే పోలేదు. అసలు నాకు పెళ్లే కాలేదు.”