మేడమ్ కలపనివ్వని చేప

మా జువాలజీ మేడమ్ ఇక లేరన్న కబురు స్టాఫ్ రూమ్‌లో టిఫిన్ డబ్బాలు విప్పుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది వాళ్లమ్మాయి. "అమ్మ పొద్దున పోయింది అంకుల్" అని, "తొట్టిలో చేపకి మేత ఎవరు వేస్తారు?" అని అడిగింది. పక్కనున్నవాళ్లకు ఆ మాట వింతగా తోచిందేమో గానీ నాకు తోచలేదు. చెయ్యి కడుక్కుని పటాన్‌చెరు బయల్దేరాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. ఆ చేపను ఇప్పుడేం చెయ్యాలన్న భయమే కూర్చుంది గుండెలో.

నేను అదే కాలేజీలో తెలుగు చెబుతాను. మాది లక్డారం. మేడమ్ వాళ్లది కోస్తా. నాన్నగారికి ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తే పసిపిల్లగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇన్నేళ్లున్నా నన్ను "మాస్టారూ" అనడం మానలేదు, నేను "మేడమ్" అనడం మానలేదు. రిటైరైన తర్వాత కూడా నెలకోసారి కాలేజీకొచ్చి ల్యాబ్‌లో సీసాలు తుడిచి పోయేవారు. ఫార్మలిన్‌లో మునిగిన ఆ పాములను చూస్తే నాకు అన్నం సయించేది కాదు. అది తెలిసి, కావాలనే నా డబ్బా పక్కన ఒక సీసా పెట్టేవారు.

ఆవిడ మొదటి పాఠం చెప్పుల పాఠం. పిల్లలందరి చెప్పులూ గదిలో కుప్పగా పోయించి, "వేరు చెయ్యండి" అనేవారు. ఒకడు రంగును బట్టి పేర్చేవాడు, ఒకమ్మాయి సైజును బట్టి. ఆవిడ అన్నిటినీ కాలితో చెదరగొట్టి, "పైపైన చూస్తే దొంగ కూడా చుట్టంలాగే ఉంటాడు. అడుగు చూడండి, కుట్టు చూడండి" అనేవారు. జంతువులకైనా అంతే, రంగూ పరిమాణమూ కాదు, ఎముక చూడమనేవారు. ఆ పాఠం అయ్యేసరికి ఎవరి చెప్పు ఎవరి కాలికుందో తెలియక, పక్క క్లాసులో నా ఛందస్సు గంగలో కలిసేది. నేను కొట్లాడేవాణ్ణి, ఆవిడ నవ్వేవారు.

అసలు కథ ఇంద్రేశంలో జరిగింది. అక్కడ మా పెదనాయన కొడుకు, మా అన్న, పొలాన్ని లేఅవుట్‌కు అమ్మేశాడు. పొలంలో పాత బావి ఉంది. మా ఇళ్లల్లో శుభకార్యమైతే బావిలో చేపను వదలడం ఆచారం. అలా మా తాతల నాటి నుంచి అందులో మార్పు అనే రకం చేపలున్నాయి. ఒంటికి పొలుసుండదు, మూతికి మీసాలుంటాయి, నీళ్లపైకొచ్చి గాలి మింగుతాయి. ఈ ముక్క మాటల మధ్యలో చెబితే మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మన మార్పా? మాస్టారూ, ఈ చుట్టుపక్కల చెరువుల్లో దాన్ని చూసి ఎన్నేళ్లయిందో తెలుసా?" చెరువు నీళ్లు చెడిపోయాయి. వానలకు అది గుడ్లు పెట్టే వరిమళ్లు ప్లాట్లయ్యాయి. మిగిలినవాటిని బయటినుంచి తెచ్చిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మింగేస్తోంది. ప్రభుత్వం వద్దన్నా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. ఇంతా చెప్పి, "బావి ఎప్పుడు పూడుస్తారు?" అని అడిగారు. "రేపే" అన్నాను.

తెల్లారి మేము వెళ్లేసరికి మోటారు నీళ్లు తోడుతోంది. ఒడ్డున మట్టి టిప్పర్ ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. బీహార్ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "జల్దీ కరో భయ్యా" అని తొందరపెడుతున్నాడు. అన్న మోకాళ్లలోతు బురదలో దిగి గంపతో చేపలు పైకందిస్తున్నాడు. మొదటి గంప చూడగానే మేడమ్ ముఖం మాడిపోయింది. చేపలు చెయ్యంత పొడుగున్నాయి. మన మార్పు అంత పెరగదు.

"ఇవి ఎక్కడివి?" అన్నారు.

"మా బావియే మేడమ్. పిల్ల పెండ్లప్పుడు బండి మీద ఒకాయన మార్పు పిల్లలని అమ్మిండు. మంచిగ పెరిగినయ్, సూడుండ్రి" అని అన్న మీసం తిప్పాడు.

ఆచారం తప్పకుండా, పుణ్యానికి పోయి, శత్రువును తెచ్చి సొంత బావిలో వదిలాడు మా అన్న. మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు ఆ పని. మేడమ్ ఒడ్డున స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో చేప తల వెనక బొటనవేలితో నొక్కి చూడసాగారు. మన మార్పుకు అక్కడి ఎముక అంచు ఒకే మొనగా దిగుతుందట, బయటిదానికి అలల్లా వంకరలు పోతుందట. మనదైతే ఎడమవైపు నీళ్ల తొట్టిలోకి, కాకపోతే కుడివైపు కుప్పలోకి. ఈ చేపలకు రెక్కల దగ్గర ముల్లుంటుంది. కాసేపటికే ఆవిడ చేతుల నిండా రక్తం.

కుడివైపు కుప్ప పెరుగుతుంటే అన్న గొంతు లేచింది. "గింత పెద్ద చేపలు మట్టిల కలుపుతరా? తినొద్దా మేము?"

"తినండి. కానీ చంపి తినండి. బతికున్నది ఒక్కటి కూడా గేటు దాటకూడదు."

లేఅవుట్ మేస్త్రీ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. టిప్పర్ వెనక ఇంకో టిప్పర్ వచ్చి నిలబడి హారన్ కొడుతోంది. ఎడమ తొట్టిలో పట్టుమని పది కూడా లేవు. అప్పుడు ఆఖరి గంపలో వచ్చింది అది, మధ్యస్తంగా, కడుపు నిండా గుడ్లతో. మేడమ్ తల వెనక నొక్కారు. మళ్లీ నొక్కారు. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి నొక్కారు.

"తెలియట్లేదు" అన్నారు. ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదలు. "రెండింటికీ కలిసి పుట్టిందేమో."

అన్న కత్తి తీశాడు. అంతవరకూ గట్టు మీద నిలబడి చూస్తున్న వదిన ఒక్కసారి అడ్డమొచ్చింది. "కడుపుతోని ఉన్నదాన్ని సంపుతరా? మా ఇండ్లల్ల గట్ల సంపరు. మీరూ ఆడోళ్లే గదా మేడమ్!"

డ్రైవరు గేరు వేశాడు. మేడమ్ ఆ చేపను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. అది మనదైతే మళ్లీ పిల్లలు పుట్టే ఆశ అదే. కాకపోతే, ఎడమ తొట్టిలో వేసిన మరుక్షణం మనవాటి వంశానికి అదే చెడుపు. చంపమనలేదు, కలపమనలేదు. "దీనికి వేరే బకెట్ ఇవ్వండి" అన్నారు. మేం పది అడుగులు నడిచామో లేదో, బావిలోకి మట్టి పడిన చప్పుడుకు నేలంతా అదిరింది.

మన చేపలను లక్డారంలో మా బావిలో వదిలాం. ఏదో తేలని ఆ చేపను ఆవిడ ఇంటికి తీసుకెళ్లి పెరట్లో సిమెంటు తొట్టిలో పెట్టుకున్నారు. రోజూ మేత వేస్తూ "నువ్వెవరివే తల్లీ?" అని అడిగేవారట. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి మంచం దిగలేని రోజుల్లో కూడా కూతురి చెయ్యి పట్టుకుని పెరట్లోకొచ్చేవారట. అది గుడ్లు వదలనూ లేదు. పారే వాననీళ్లు లేకపోతే వదలదట.

ఆవిడ ఇంకా తిరగగలిగిన రోజుల్లోనే వానాకాలం వచ్చింది. బావి నీళ్లు పక్క మడిలోకి పారించి, చేపలను అందులోకి వదిలి, పిల్లల కోసం కళ్లు కాయలు కాసేలా చూశాం. ఒక్కటీ లేదు. వాటిలో ఆడది ఉందో లేదో కూడా తెలియదు. ఒకరోజు బావి గట్టు మీద నేనే ఉండబట్టలేక, "పోనీ మేడమ్, మీ ఇంట్లోదాన్ని తెచ్చి కలుపుదామా?" అన్నాను.

ఆవిడ నా మీద అంత కోప్పడగా నేనెన్నడూ చూడలేదు. "అంతరించడం రెండు రకాలు మాస్టారూ. చచ్చి పోవడం ఒకటి, కలిసి పోవడం ఒకటి. మొదటిదానికి ఏడ్చేవాళ్లైనా ఉంటారు. రెండోది జరిగినట్టు కూడా ఎవరికీ తెలియదు." తర్వాత దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మంచినీళ్లిచ్చాను. అదే ఆఖరి పెద్ద మాట మా మధ్య.

కర్మకాండ అయ్యాక వాళ్లమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను పిలిచింది. తొట్టి దగ్గర నిలబడి, "దీన్ని మీ బావిలో వదిలేద్దామా అంకుల్? అమ్మ చేపలన్నీ ఒకచోట ఉంటాయి కదా" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. కాదనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే కాదనాలనీ లేదు. మడిలో పిల్లలు ఈదుతుంటే చూడాలన్న ఆశ నాకు మాత్రం లేదా? సీసాలో పాముకే జడిసే నేను, బకెట్ కాళ్ల మధ్య పెట్టుకుని ఆటోలో లక్డారం వెళ్లాను. దారంతా అది మూతను తలతో కొడుతూనే ఉంది.

బావి గట్టు మీద మూత తీశాను. వంచితే చాలు, అడిగేవాళ్లు లేరు. వంచలేకపోయాను. పశువుల కుడితి తొట్టి కడిగి, నీళ్లు నింపి, దాన్ని అందులో వదిలాను. ఏ గట్టు మీద మేడమ్ నన్ను కోప్పడ్డారో ఆ గట్టు మీదే కూర్చుని చాలా రోజులకు ఏడ్చాను.

కాసేపటికి తొట్టిలోది పైకొచ్చి గుటుక్కుమని గాలి మింగి లోపలికి పోయింది. బావిలో కింద ఎక్కడో ఇంకొకటి పైకొచ్చి అలాగే మింగింది. రెండు చప్పుళ్లూ ఒక్కలాగే ఉన్నాయి.