బొంబాయి నుంచి దుబాయికి మూడు గంటలు, పినపాక నుంచి కల్లూరుకు ఒక పూట

బొంబాయి నుంచి దుబాయికి విమానంలో రెండు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. మూడు గంటల్లో దిగుతారట. ఈ లెక్క చెప్పినవాడు సలీం. మణుగూరులో ఒకే షెడ్డులో ఇద్దరం వెల్డింగు నేర్చుకున్నాం. దుబాయి పనికి మనుషుల్ని తీసుకెళ్లే ఏజెంటు కల్లూరులో సలీం మామ షెడ్డుకు వస్తున్నాడనీ, పని చూసి ఒక్కరినే తీసుకుంటాడనీ కబురు పంపిందీ వాడే. "ముందురోజే రా, మా ఇంట్ల పండుకో" అన్నాడు. నేను పోలేదు. వాడింట్లో అన్నం తిని, తెల్లారి వాడి చోటు ఎలా గుంజుకుంటాను? పైగా వాడి మాటల్లో అప్పుడే విమానమెక్కి కూర్చున్న ధీమా. అది నాకు గిట్టలేదు.

పినపాకలో పొద్దుటి మొదటి బస్సు ఎక్కితే మణుగూరు మీదుగా కొత్తగూడేనికి మూడు గంటలు. అడవి దారి, చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది. అక్కడ తల్లాడ మీదుగా కల్లూరు పోయే బస్సులోకి మారాలి. కిరాయి అంతా కలిపి ఇరవై రూపాయల లోపే. కొత్తగూడెంలో కల్లూరు బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల వేశాను. మా వైపు సీటు దక్కించుకునే పద్ధతి అదే. తీరా ఎక్కి చూస్తే నా తువ్వాల మీద మిరపకాయల మూట, పక్కన ఓ ముసలామె.

"మూట తియ్ అవ్వా, తువ్వాల నాది."

"మెత్తగున్నదని పెట్టిన. ఏంది బిడ్డా, సీటు మీ అయ్య కొన్నడా?"

గొంతు పెంచాను. బస్సంతా రెండు పక్షాలైంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. "మంచిగ తేల్చుకోండ్రి, జల్దీ ఏం లేదు. నేను చాయ్ తాగొస్త" అని దిగిపోయాడు. చాయ్ తర్వాత టిఫిను కూడా కానిచ్చాడు. చివరికి సీటు నాకే దక్కింది. ముసలామె మాత్రం "నీతోని నీ పెండ్లాం ఎట్ల ఏగుతదో" అని తల్లాడ దాకా సాధిస్తూనే ఉంది.

కల్లూరులో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. షెడ్డు ముందు సలీం, సంతోషం దాచుకోవడం చేతకాని మొహంతో నిలబడ్డాడు.

"ఏమైంది భయ్? ఇంకొకడు వస్తడు, నాకన్న మంచిగ అతుకుతడని చెప్పి ఏజెంటును రెండు చాయ్‌ల దాకా ఆపిన. ఆఖరికి నన్నే ఖాయం చేసుకొని పోయిండు. బస్సు దొరకలేదా?"

"దొరికింది. సీటు కాడ పంచాయితీ."

వాడు నవ్వలేదు. నవ్వితే తిట్టేవాణ్ని. "నేను పోయినంక మామకు మనిషి కావాలె. నువ్వొస్తవా?" అన్నాడు.

మూడు గంటల్లో సముద్రం దాటేవాడి మీద నాకు కుళ్లుంది, దాచను. వాడు మోసం చేసుంటే ఆ కుళ్లుకు కాస్త ఆసరా దొరికేది. నాకోసం చాయ్‌లు పోసి మరీ ఆ ఆసరా కూడా లేకుండా చేశాడు. మా వైపు నుంచి కల్లూరులో పొద్దుటి పని ఉన్నవాళ్లు ముందురోజు సాయంత్రానికే చేరుకోండి. తెల్లారి బస్సును నమ్ముకోకండి. సలీం వచ్చే వారం పోతున్నాడు. వాడు ఖాళీ చేసే చోటు నాకెందుకని ఆరోజే అనబోయాను. ఇప్పటిదాకా అనలేదు.