పలకరింపుల చాటున

పక్షవాతం వార్డులో నవ్వులు వినిపిస్తే రఫీకా పనిలో ఉన్నట్టు లెక్క. ఆ నవ్వు చెవిన పడ్డప్పుడల్లా మోంజీ ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

స్ఫాక్స్ ఊళ్ళో సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఆసుపత్రి అది. పక్షవాతం వచ్చిన వాళ్ళ మాట ఎంత మిగిలింది, ఎంత పోయింది అని పరీక్షించి చెప్పడం మోంజీ ఉద్యోగం. తండ్రి వలలు బాగుచేసేవాడు. ఆ ఇంట్లోంచి పైకొచ్చి, రాజధాని ట్యూనిస్‌లో ఇరుకు గదిలో నలుగురితో సర్దుకుని చదివి, తిరిగొచ్చి ఈ పని ఒంటిచేత్తో మోశాడు. అతని పరీక్ష ఎప్పుడూ తప్పలేదు. కానీ అతను మంచం దగ్గరికి రాగానే రోగులు బిగుసుకుపోయేవాళ్ళు. బొమ్మ చూపించి "ఇదేమిటి?" అని అడిగే తీరు పోలీసు విచారణలా ఉండేది. అది అతనికీ తెలుసు. మార్చుకోవడం మాత్రం చేతకాలేదు.

పోయిన చలికాలంలో కెర్కెన్నా దీవుల నుంచి అదే పనికి రఫీకా వచ్చింది. చదువులో మోంజీ కంటే తక్కువే. కానీ గలగలా మాట్లాడే పిల్ల. మంచం అంచున కూర్చుని రోగి బాగోగులు, భార్య బాగోగులు, మేనల్లుడి పెళ్ళి సంగతులు, పెరట్లో ఆలివ్ కాపు, అన్నీ అడిగాక గానీ పని మొదలుపెట్టదు. నెల తిరగకుండానే రోగుల బంధువులు వార్డులోకి వస్తూనే "ఆ దీవి అమ్మాయి ఉందా?" అని అడగసాగారు. మోంజీని అడిగినవాళ్ళు లేరు.

అతను ఊరుకోలేకపోయాడు. కబుర్లతో పొద్దుపుచ్చుతోందని ఒకసారి, బొమ్మలు సరిగా చూపించడం లేదని ఒకసారి డాక్టరు ఎల్లూజ్ దగ్గర ఫిర్యాదు చేశాడు. రెండూ నిలబడలేదు. వార్డు మొత్తానికి అతని జబ్బేమిటో అర్థమైంది.

అలాంటప్పుడు వచ్చాడు తూమి. చేపల మార్కెట్లో వేలం వేసే ముసలాయన. సీ తూమి అని అందరూ మర్యాదగా పిలుస్తారు. అతని గొంతు లేస్తే రేవు దాకా వినిపించేదంటారు. కుడి చేతిలో కొంచెం బలం తగ్గింది, అంతే. రఫీకా పరీక్ష చేసి మాట బాగానే ఉందని రాసింది. మర్నాడు ఇంటికి పంపేస్తామన్నారు. రెండు రోజుల్లో మార్కెట్లో నిలబడతాడని భార్య సలూహా అందరికీ ఫోన్లు చేసి చెబుతోంది.

సాయంత్రం మోంజీ ఆ పక్కగా పోతుంటే రఫీకా, తూమి మాట్లాడుకోవడం వినపడింది.

"సీ తూమీ, ఎలా ఉన్నారు?"

"దేవుడి దయ, బిడ్డా. నువ్వెలా ఉన్నావ్?"

"బాగున్నా. ఇంట్లో అందరూ?"

"అందరూ క్షేమం. మీ నాన్న ఎలా ఉన్నాడు? మీ అమ్మ? దేవుడు చల్లగా చూడాలి."

"జబ్బు చేసిన రోజు మార్కెట్లోకి ఏ చేప వచ్చింది?"

"అబ్బో బిడ్డా, దేవుడు మేలు చేస్తాడు. దేవుడి దయ. నీకు పెళ్ళి కావాలి, మేం చూడాలి."

"చూశావా అత్తా, ఈయన నన్ను పెళ్ళికూతుర్ని చేసి గానీ వదిలేలా లేడు!"

సలూహా పగలబడి నవ్వింది. రఫీకా నవ్వింది. తూమి కూడా నవ్వాడు, కానీ వాళ్ళు నవ్వాక.

మోంజీ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అడిగినదానికి ఆయన జవాబు చెప్పలేదు. ఈ ఊళ్ళో పలకరింపులు పుట్టినప్పటి నుంచీ నోట్లో నానుతుంటాయి. వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే దొర్లుకొస్తాయి. ఆ పొర కింద ఒక్క మాటైనా ఉందో లేదో ఎవరూ తవ్వి చూడలేదు. ఎల్లుండి మార్కెట్లో వేలం వెయ్యడానికి నోరు తెరిస్తే, ఎదురుగా వ్యాపారులందరూ ఉండగా, అందులోంచి దేవుడి దయ తప్ప ఇంకేమీ రాదు.

అతనికి మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. దొరికింది, అనుకున్నాడు.

పరుగున పోయి డాక్టరుకు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి అతని వంక అలసటగా చూసింది.

"మళ్ళీ రఫీకా మీదేనా, మోంజీ?"

"ఇది అది కాదు, డాక్టర్."

"పోయినసారీ ఇదే మాటన్నావ్."

వెనకే వచ్చిన రఫీకా అంతా విన్నది. "సీ మోంజీ, నీతో ఎవరూ మాట్లాడరని నాతో కూడా మాట్లాడకూడదా?" అంది.

నర్సులు ముఖాలు తిప్పుకుని నవ్వారు. మోంజీ చెవులు కాలిపోయాయి.

మర్నాడు డాక్టరు మంచం మంచానికీ వస్తోంది. తూమి కొత్త చొక్కా తొడుక్కుని ప్రయాణానికి తయారుగా ఉన్నాడు. అన్నదమ్ములు, అల్లుడు, మార్కెట్ మిత్రులు చుట్టూ నిలబడ్డారు. మోంజీ వాళ్ళను తోసుకుంటూ వచ్చాడు. సలాం చెప్పలేదు. ఎవరినీ పలకరించలేదు. ఆ ఊళ్ళో చెంపదెబ్బకూ దానికీ పెద్ద తేడా లేదు. అందరూ తెల్లబోయి చూస్తుండగా జేబులోంచి దువ్వెన తీసి ముసలాయన కళ్ళ ముందు పెట్టాడు.

"ఇదేమిటి?"

తూమి నవ్వబోయాడు. "దేవుడి దయ..."

"అది కాదు. ఇదేమిటి?"

"అందరూ క్షేమం, నాయనా. మీ నాన్న..."

"మా నాన్న సంగతి వద్దు. దీన్నేమంటారు?"

ముసలాయన పెదాలు కదిలాయి. గొంతు కదిలింది. ఏమీ రాలేదు. దువ్వెన వంక, భార్య వంక, మిత్రుల వంక చూశాడు. ఆ చూపు చూశాక ఎవరికీ ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న అల్లుడు దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తూమి ఎడమచేత్తో ముఖం కప్పుకున్నాడు.

"ప్రయాణం ఆపండి. ఇవాళే మాటల చికిత్స మొదలుపెట్టాలి," అంది డాక్టరు మెల్లగా. తర్వాత మోంజీతో, "నువ్వు చెప్పింది నిజమే," అంది. ఆ మాట కోసం అతను ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాడు. వచ్చేసరికి చప్పగా ఉంది.

సలూహా లేచి నిలబడింది. "నా మొగుణ్ణి నలుగురిలో నగుబాటు చేశావ్. తెర వేసి అడిగితే నీ నోరు పడిపోయేదా? చికిత్స ఆ పిల్ల చేస్తుంది. నువ్వు మాత్రం ఈ మంచం ఛాయలకు రావద్దు."

మధ్యాహ్నం రఫీకా వరండాలో అతని దగ్గరికొచ్చింది. ఏడ్చినట్టుంది.

"పొరపాటు నాదే. ఇంత లోతుగా పోయిన మాటను వెనక్కి తేవడం నాకు రాదు, సీ మోంజీ. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

చెప్పకూడదనుకున్నాడు. మునగనీ, అనుకున్నాడు. కానీ కళ్ళ ముందు ముఖం కప్పుకున్న ఆ ఎడమచెయ్యి మెదిలింది. పళ్ళ బిగువున, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"ఉప్పుతో మొదలుపెట్టు. జీవితమంతా చేపల మధ్య బతికిన మనిషి. చేతిలో పొయ్, నాలుక మీద కొంచెం పెట్టు. సగం మాట నువ్వను, సగం ఆయనకు వదిలెయ్. పలకరింపులు వద్దు."

"పలకరించకుండా నేను ఒక మనిషి దగ్గర కూర్చోలేను."

"అయితే పలకరించుకో. వాటికి వచ్చే జవాబులు మాత్రం లెక్కలోకి తీసుకోకు."

వారం గడిచింది. మోంజీ అవతలి వరసలో ఎవరికో పరీక్ష చేస్తుంటే, తెర వెనక నుంచి ఒక మాట వినిపించింది. వంకరగా, ముక్కలుగా, కానీ వెతికి పట్టుకుని తెచ్చుకున్న మాట: "ఉ... ప్పు." సలూహా గొంతెత్తి, పెళ్ళింట్లో ఆడవాళ్ళు సంతోషంతో నాలుక ఆడిస్తూ చేసే కూత చేసింది. పక్క మంచాల దగ్గరి ఆడవాళ్ళు అందుకున్నారు. వార్డంతా మోగిపోయింది.

"విన్నావా, మోంజీ? రఫీకా ఎంత బాగా పలికించిందో!" అంది అటుగా పోతున్న నర్సు.

"విన్నాను," అన్నాడు.

ఆ మాట ఎంచి ఇచ్చింది తనేనని చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే అసూయంటారు. నిజంగా అసూయే అయినప్పుడు కాదని ఏ నోటితో అనగలడు? బొమ్మ పట్టుకుని ఎదురుగా ఉన్న రోగి వైపు తిరిగాడు.